ఆట ఫొటో ఆడినవాళ్లది

ఏ హైస్కూల్లోనైనా హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి గోడమీది ఆటల ఫొటోలు చూడండి. మధ్యలో శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి ఉంటారు. ఆయనకి అటూ ఇటూ సర్పంచ్, స్కూలు కమిటీ ఛైర్మన్, హెడ్మాస్టరు, పీఈటీ సారు. వెనకాల ఫ్లెక్సీ. ముందు వరసలో మోకాళ్ల మీద కూర్చున్న పిల్లలు, వాళ్లలో ఒకళ్ల చేతిలో కప్పు. ఏ ఆటలో గెలిచారో తెలియాలంటే ఫ్లెక్సీ చదవాల్సిందే. కబడ్డీ గెలిచినా, వాలీబాల్ గెలిచినా, సైన్స్ క్విజ్ గెలిచినా ఫొటో అదే.

నేను ఒంగోలులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచే ఫొటోలు తీస్తున్నాను. మొదట్లో మామయ్య ఫోన్‌తో, ఇంటర్‌లో చేరాక సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చిన కెనాన్ 1500డి కెమెరాతో. మా ఊరి జడ్పీ హైస్కూల్లో చదువు అయిపోయినా సాయంత్రాలు అక్కడి గ్రౌండుకి వెళ్లడం మానలేదు. ఈ వేసవిలో హార్డ్ డిస్క్ నిండిపోయింది. ఏవి ఉంచాలో ఏవి తీసెయ్యాలో తేల్చుకోవడానికి స్కూలు ఫొటోలు, ఆటల ఫొటోలు మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఏ ఫొటో దగ్గర ఆగాను, దేన్ని చూడకుండా దాటేశాను అని ఆలోచిస్తే, ఎప్పటి నుంచో మనసులో ఉన్న మాట ఒకటి గట్టిపడింది. స్కూలు ఆటల ఫొటో బాగుందో లేదో తేల్చాల్సింది అందులో ఉన్న పిల్ల. పేపరు వాళ్లు కాదు, లైకులు కాదు, స్కూలు కాదు, తీసిన నేను కూడా కాదు. ఆ పిల్ల దాన్ని చేతిలోకి తీసుకుని 'ఇది నేను ఆడిన ఆటే' అనగలిగితే అది మంచి ఫొటో. అనలేకపోతే ఎంత షార్ప్‌గా వచ్చినా, వెలుతురు ఎంత బాగా పడినా నాకు అది పనికిరాదు.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. దీనికి కట్టుబడితే మాత్రం ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు బటన్ నొక్కాలి, ఏది ఎవరికి చూపించాలి, అన్నీ మారిపోతాయి.

ముందు కబడ్డీ సంగతి. నా కెమెరా సెకనుకి మూడు ఫొటోలు తీస్తుంది. పెద్ద మ్యాచ్‌లు తీసేవాళ్ల కెమెరాలు ఇరవై, అంతకన్నా ఎక్కువ కూడా తీస్తాయి. కబడ్డీలో రైడర్, అంటే కూతకి వెళ్లిన పిల్ల, చెయ్యి చాచడం, అవతలి పిల్ల భుజాన్ని తాకడం, వెనక్కి లాక్కోవడం అంతా నా కెమెరాలో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్యలోనే అయిపోతుంది. బటన్ అలాగే నొక్కి పట్టుకుంటే చెయ్యి చాచకముందు ఒకటి, లాక్కున్నాక ఒకటి వస్తాయి. తాకిన క్షణం రాదు. కాబట్టి ఒక్కసారే నొక్కాలి, ముందే నొక్కాలి. ఎప్పుడు నొక్కాలో తెలియాలంటే ఆట తెలియాలి. అంతకుమించి కిటుకు లేదు.

రైడ్‌కి ముప్ఫై సెకన్లు. అవతల కనీసం ఆరుగురు ఉంటేనే వాళ్ల కోర్టు లోపలున్న బోనస్ గీత దాటితే పాయింటు. అందుకే కోర్టు నిండుగా ఉన్నప్పుడు రైడర్ చూపు ఆ గీత మీదకి పోతుంది. ఒక కాలు గీత దాటి లోపల ఆనుతుంది, రెండోది గాల్లో ఉంటుంది. ఆ ఒక్క కాలి మీద నిలబడిన క్షణం కోసం మూలనున్న డిఫెండర్ కాచుకుని ఉంటుంది. ఆ పిల్ల రైడర్ మొహం చూడదు, కాళ్లు చూస్తుంది. బరువంతా ఒక కాలి మీదకి మారిందా, చీలమండ మీదకి దూకేస్తుంది. నేనూ అదే చూస్తాను. బరువు మారుతున్నప్పుడు నొక్కితే దూకుతున్న పిల్ల ఫ్రేములోకి వస్తుంది. దూకడం కనిపించాక నొక్కితే వచ్చేది దుమ్ము.

ఇక కూర్చునే చోటు. రైడర్ మొహం కావాలంటే పట్టేవాళ్ల వెనకాల, చివరి గీత అవతల కూర్చోవాలి. పట్టు పడ్డాక ఆ పిల్ల మధ్యగీత వైపు తిరిగి, ఉన్న బలమంతా పెట్టి చెయ్యి చాస్తుంది. అప్పుడు అక్కడ కూర్చున్నవాళ్లకి వీపే కనిపిస్తుంది. గీత కోసం చాచిన చెయ్యి, ఆ మొహం కావాలంటే రైడర్ సొంత జట్టు వైపు ఉండాలి. అలా ఉంటే రైడ్ మొదట్లో వీపే దక్కుతుంది. రెండూ దొరకవు. ఎవరి ఆట చూపించాలనుకుంటున్నామో ముందే తేల్చుకుని కూర్చోవాలి.

ప్రపంచంలో బాగా పేరున్న ఆటల ఫొటోల్లో ఒకదానిలో ఈ సంగతి కళ్లకి కట్టినట్టు ఉంటుంది. 1965 మే 25న అమెరికాలో లూయిస్టన్ అనే చిన్న ఊళ్లో బాక్సింగ్ పోటీలో మహమ్మద్ అలీ మొదటి రౌండులోనే సోనీ లిస్టన్‌ని పడగొట్టాడు. కిందపడ్డ లిస్టన్ మీదకి వంగి, చెయ్యి మడిచి అరుస్తున్న అలీని తీసింది నీల్ లైఫర్. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. ఆ ఫొటోని జాగ్రత్తగా చూస్తే అలీ కాళ్ల మధ్యలోంచి రింగుకి అవతలి వైపున్న ఇంకో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు. ఆయన హెర్బ్ షార్ఫ్‌మన్. లైఫర్ కన్నా చాలా సీనియర్. ఆ క్షణంలో ఆయనకి కనిపించింది అలీ వీపు. అంత అనుభవం ఉన్న మనిషికి కూడా చోటు కలిసిరాలేదు.

అయితే పెద్ద స్టేడియంలో లేని వెసులుబాటు స్కూలు గ్రౌండులో మనకి ఉంది. ఎక్కడ కూర్చున్నా ఎవరూ లేపరు. ఈ రైడ్‌కి ఇటు, వచ్చే రైడ్‌కి అటు మారొచ్చు. రోజూ ప్రాక్టీసు చూడొచ్చు. ఏ పిల్ల కుడివైపు నుంచే లోపలికి వెళ్తుందో, ఏ పిల్ల పాయింటు రాగానే మొదట పీఈటీ మేడమ్ వైపు చూస్తుందో తెలిసిపోతుంది. నా ఫొటోల్లో నాకు నచ్చినవన్నీ బాగా తెలిసిన పిల్లలవే. జిల్లా పోటీలకి వెళ్లి తెలియని జట్లని తీసినవి రంగులు బాగుంటాయి, దుస్తులు బాగుంటాయి. వాటిలో ఎవరి ఆటా కనిపించదు. తెలియని పిల్లని తీస్తే నాకు దొరికేది ఒక రైడర్. తెలిసిన పిల్లని తీస్తే ఆ పిల్లే దొరుకుతుంది. స్టూడెంట్ ఫొటోగ్రాఫర్లం లెన్సు లేదని దిగులు పడతాం గానీ, ఏ పెద్ద ఫొటోగ్రాఫరుకీ దొరకని ఈ చనువు మన దగ్గర ఉంది.

ఖోఖో తీసినప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అందరూ తీసేది పోల్ డైవ్. స్తంభం దగ్గర ఒంటిచేత్తో ఊగుతూ రన్నర్‌ని అందుకోవడానికి గాల్లోకి లేచిన పిల్ల. నిజంగా అందమైన దృశ్యమే, కాదనను. కానీ ఖోఖోలో తరిమే జట్టులో తొమ్మిది మంది ఉంటే, ఎనిమిది మంది కూర్చునే ఉంటారు. ఒకళ్లు ఇటు తిరిగి, పక్కవాళ్లు అటు తిరిగి. ఖో వెనక నుంచే ఇవ్వాలి, వీపు తట్టి గట్టిగా అనాలి. అంటే కూర్చున్న పిల్లకి తనవైపు లేని ఆట కనిపించదు. వెనకాల అడుగుల చప్పుడు వినాలి, జట్టు కేకలు వినాలి, వీపు మీద చెయ్యి పడగానే లేచిపోవాలి.

మా స్కూల్లో ఒక చెల్లి ఎప్పుడూ నాలుగో చోట కూర్చునేది. కూర్చుందంటే కుడి కాలి వేళ్లు నేలలోకి గుచ్చి, అరచేతులు గీతకి ఇవతల ఆనించి, తల కొంచెం పక్కకి వంచి ఉండేది. ఆ వంచడం వినడం కోసం. కళ్లు నేల మీద ఉండేవి గానీ వాటికి ఏమీ కనిపించేది కాదు. నేను కోర్టు పక్కన పొట్ట మీద పడుకుని ఆ వంచిన తల, గుచ్చిన వేళ్లు, వెనకాల మసకగా పరుగెత్తే కాళ్లు తీశాను. ప్రింటు చూసి ఆ చెల్లి, "అక్కా, నేను వింటున్నప్పుడు ఇలా ఉంటానా?" అంది. ఖోఖో అంటే ఏమిటో నాకు ఆ మాటతో అర్థమైనంతగా పోల్ డైవులు తీస్తే అర్థం కాలేదు. ఆ ఫొటోని ఏ పేపరూ వేసుకోదు. వేసుకోవాల్సిన అవసరమూ లేదు.

ఇండోర్ హాల్లో షటిల్ తీసేటప్పుడు చిక్కు వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ మారేది కాబట్టి ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకి వందసార్లు పెరిగి తగ్గుతుంది. కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. షటర్ సెకనులో వెయ్యోవంతు (1/1000) మాత్రమే తెరుచుకునేలా పెడితే ఒక ఫొటో వెలుగుగా, తర్వాతది చీకటిగా, కొన్నిటిలో అడ్డంగా చారలు. 1/100కి దిగితే వెలుతురు సమంగా ఉంటుంది గానీ స్మాష్ కొట్టే రాకెట్ కరిగిపోతుంది. దీనికి ఖరీదైన కెమెరాల్లో ఉపాయాలు ఉన్నాయి. నాకున్న ఉపాయం స్మాష్ వదిలేసి, సర్వీస్ అందుకోబోయే పిల్లని తియ్యడం. ఆ ఒక్క క్షణం మనిషి కదలదు. కళ్లు షటిల్ కాక్ మీద, పెదాలు బిగించి, రాకెట్ ఛాతీ ఎత్తున. మ్యాచ్ అంతటిలో టెన్షన్ మొత్తం ఉండేది అక్కడే.

ఇప్పుడు అతిథుల సంగతి. నాకు ఏ అతిథి మీదా కోపం లేదు. ఊరికి బోరు వేయించినవాళ్లు, పిల్లలకి బూట్లు కొనిచ్చినవాళ్లు కూడా అలా వచ్చి నిలబడ్డవాళ్లలో ఉన్నారు. నా ఫిర్యాదు పద్ధతి మీద. ఫైనల్ మ్యాచ్ అతిథి కోసం ఆగుతుంది. వెలుతురు ఆగదు. సాయంత్రం నాలుగున్నరకి ఎండ వాలి, మొహాల మీద పక్కనుంచి పడుతూ, ఎర్రమట్టి దుమ్ము కూడా మెరుస్తూ ఉంటుంది. దూరంవి దగ్గరగా చూపే 250 లెన్సు చివరిదాకా లాగి, లోపలికి వెలుతురు తక్కువగా వచ్చే ఎఫ్/5.6 పెట్టినా షటర్ 1/800 హాయిగా అందుతుంది. ఆ గంటన్నరంతా పిల్లలు వరసలో నిలబడి ఎదురుచూస్తారు. ఆరుకి అతిథి వస్తారు, పరిచయాలు, కరచాలనాలు, రెండు మాటలు. ఫైనల్ మొదలయ్యేసరికి ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతురుని కూడా పట్టే సెట్టింగు, 6400కి ఎక్కించినా చేతులు, కాళ్లు చెదిరిపోతాయి. ఏడాదంతా ఆ ఒక్క మ్యాచ్ కోసం ప్రాక్టీసు చేసిన పిల్లలకి ఆ మ్యాచ్ ఫొటోలు ఉండవు, దానికి ముందు జరిగిన కరచాలనాల ఫొటోలు ఉంటాయి. వెలుతురు కూడా చాలక, ఒళ్లు చల్లబడిపోయి, వాళ్లు ఆడే ఆట కూడా తగ్గుతుంది. ఫొటో కోసమే కాదు, ఆట కోసం చెబుతున్నాను.

మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వచ్చే ఫొటో కింద అతిథి పేరు, హోదా, పక్కనున్న పెద్దల పేర్లు ఉంటాయి. పిల్లల పేర్లు ఉండవు. పేపర్లో చోటు తక్కువ, నిజమే. కానీ స్కూలు తన కోసం తీయించుకుని దాచుకునే ఫొటోకి ఆ ఇబ్బంది లేదు కదా. ఆ ఫొటో వెనక ఏడుగురి పేర్లు, తరగతి, తేదీ రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

బహుమతి ఫొటో అంటేనే వట్టిదని కూడా నేను అనను. 1968 అక్టోబరు 16న మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగు పతకాలు ఇచ్చేటప్పుడు అమెరికా నల్లజాతి రన్నర్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్ల తొడుగులు వేసుకున్న పిడికిళ్లు పైకెత్తారు. నల్లజాతివాళ్ల పేదరికాన్ని గుర్తుచేస్తూ బూట్లు లేకుండా, నల్ల సాక్సులతో నిలబడ్డారు. రజతం గెలిచిన ఆస్ట్రేలియా తెల్లజాతి రన్నర్ పీటర్ నార్మన్ కూడా వాళ్లలాగే మానవహక్కుల బ్యాడ్జీ పెట్టుకున్నాడు. జాన్ డొమినిస్ తీసిన ఆ ఫొటో పతకాల ఫొటోయే. పతకం ఇచ్చిన పెద్దమనిషి పేరు చాలామందికి తెలియదు, నిలబడ్డ ముగ్గురూ ఏం చెప్పదలచుకున్నారో అందరికీ తెలుసు. మెడల్ స్టాండు మీద కూడా ఆడినవాళ్లే ఫొటోని నడిపించొచ్చు. కప్పు అందుకున్న పిల్లలకి ఓ నిమిషం వదిలేస్తే, ఎవరి పక్కన ఎవరు నిలబడాలో, ఎవరి చేతికి కప్పు ఇవ్వాలో వాళ్లే తేల్చుకుంటారు. నేను చూసినన్నిసార్లూ వాళ్లు కప్పుని మొదట దెబ్బతగిలి బెంచీ మీద కూర్చున్న పిల్ల దగ్గరికే తీసుకెళ్లారు.

ఫొటోలు దాచుకోమని చెప్పేవాళ్లు ఇంకో మాట అంటారు. "వీళ్లలో రేపు ఎవరు పెద్ద ప్లేయరవుతారో! అప్పుడు నీ ఫొటోకి విలువొస్తుంది." ప్రేమతోనే అంటారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. పల్లెల్లో అలాంటి పిల్లలు ఉంటారనడానికి వీళ్లే సాక్ష్యం. వాళ్ల పేర్లు వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. అయినా నా ఫొటోలకి విలువ రేపు ఎవరో పెద్దవాళ్లయితేనే వస్తుందన్న మాట ఒప్పుకోలేను. మా గ్రౌండులో ఆడే పిల్లల్లో ఎక్కువమందికి ఆట పదో తరగతితో ఆగిపోతుంది. స్కూల్ గేమ్స్‌లో అండర్-14 ఆడతారు, అండర్-17 ఆడతారు. ఆపైన ఇంటర్‌కి టౌనుకి వెళ్తే గ్రౌండు లేని కాలేజీ, హాస్టల్, స్టడీ అవర్లు. కొందరు పొగాకు బేళ్ల పనికి, కొందరు బట్టల షాపుల్లోకి. కొందరికి పెళ్లి. పెద్ద ప్లేయరయ్యేవాళ్లని తియ్యడానికి ప్రపంచంలో కెమెరాలకి కొదవ లేదు. ఆగిపోయేవాళ్ల ఆటకి నేను తీసిన ఫొటోలు తప్ప ఇంకేవీ లేవు. అందుకే నేను హార్డ్ డిస్క్ ఖాళీ చేసేటప్పుడు జట్టులో అందరికన్నా తక్కువ ఆడిన పిల్ల ఫొటోలే ముందు పక్కకి పెట్టి ఉంచాను.

ఆడపిల్లల ఆటలు తీసేవాళ్లకి ఇంకో బాధ్యత ఉంది. పట్టులో నలుగురు మీద పడ్డప్పుడు బట్టలు చెదురుతాయి. ఆటలో అది ఎవరూ పట్టించుకోరు, ఫొటోలో అదే కనిపిస్తుంది. అలాంటివి ఆట పరంగా ఎంత గొప్పవైనా గ్రౌండులోనే, కెమెరాలోంచే తీసేస్తాను. "అది నీ బెస్ట్ షాట్, క్రాప్ చేసుకోవచ్చుగా" అని తోటి ఫొటోగ్రాఫర్లు అంటారు. ఆ పిల్ల చూసుకోలేని ఫొటో నాకు బెస్ట్ షాట్ ఎలా అవుతుంది? ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ముందు ఆ పిల్లనీ, ఇంట్లోవాళ్లనీ అడుగుతాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు వాడుకునే సంస్థలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. చట్టం సంగతి అటుంచితే, ఊళ్లో ఒక తండ్రి "ఫోన్లో పెట్టకమ్మా, కాగితం మీద ఇస్తే ఇంట్లో పెట్టుకుంటాం" అంటే ఆ మాటలో భయం ఎంతుందో, ఇష్టం ఎంతుందో నాకు తెలుసు. కూతురు కబడ్డీ ఆడటం ఆయనకి ఇష్టం. దాని కింద ఎవరెవరో రాసే కామెంట్లు ఆయనకి భయం. ఆ రెండిటినీ గౌరవించే దారి ప్రింటే.

ఓడిపోయినవాళ్ల ఫొటోల దగ్గర నా ఆలోచన ఇంకా నలుగుతూనే ఉంది. మ్యాచ్ పోయాక ఏడుస్తున్న పిల్లని తియ్యడం చాలా తేలిక. వెలుతురు బాగుంటుంది, కన్నీళ్లు మెరుస్తాయి, చూసినవాళ్లందరికీ నచ్చుతుంది. పోటీలకి పంపితే ప్రైజు కూడా రావచ్చు. ఆ సమయంలో నేను కెమెరా దించేస్తాను. ఏడుపు ఆట అయిపోయాక వచ్చింది, ఆటలో భాగం కాదు. ఇంత గట్టిగా నేననుకుంటుంటే, మండల సెమీఫైనల్లో చివరి రైడ్‌లో దొరికిపోయిన పిల్ల మర్నాడు నా దగ్గరికొచ్చి అడిగింది.

"అక్కా, నన్ను పట్టేసింది తీశావా?"

తీశాను, చూపించాను. కెమెరా స్క్రీను మీద జూమ్ చేసి తన కాళ్లే చూసింది. మొహం వైపు చూడనేలేదు. ఎడమ కాలు ఎక్కడ ఆనించింది, అవతలి పిల్ల ఎటు నుంచి వచ్చింది, అదీ ఆ పిల్లకి కావాల్సింది. "ఇక్కడ తిరగకుండా ఉండాల్సింది" అని తనలో తనే అనుకుంది. తర్వాత మేడమ్‌ని పిలిచి చూపించింది. ఓడిన ఫొటో ఇస్తే నొచ్చుకుంటారని మనం జాలిపడతాం. ఆడేవాళ్లకి కావాల్సింది జాలి కాదు, ఏం జరిగిందో చూసుకునే వీలు. ఏడుపు తియ్యకపోవడం, పట్టుబడ్డ క్షణం తియ్యడం, ఈ రెండిటికీ ఆ పిల్ల అడిగిన ప్రశ్నే నాకు ఆధారం.

ఫొటో ఒక్కంటికి ప్రింటు పది, పదిహేను రూపాయలు పడుతుంది. జట్టులో ఒక్కొక్కళ్లకి ఒకటి చొప్పున ఇవ్వడం ఒక శాలువా ఖర్చులో అయిపోతుంది. దాతల్ని కప్పు ఇమ్మని అడుగుతాం, ఫ్లెక్సీ వేయించమని అడుగుతాం. ప్రింట్లు వేయించమని కూడా అడగొచ్చు. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. మీ ఊళ్లో కెమెరా ఉన్న పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్లకి గ్రౌండులో ఓ కుర్చీ, పేర్ల జాబితా ఇవ్వండి, చాలు.

వచ్చే నెలలో మండల పోటీలు ఉన్నాయి. ఫైనల్ సాయంత్రం నాలుగున్నరకే మొదలుపెట్టి, అతిథులు ఎప్పుడొచ్చినా బహుమతులు అప్పుడు ఇవ్వమని పీఈటీ మేడమ్‌ని అడిగాను. "వచ్చేవాళ్లు ఏమైనా అనుకుంటారేమోనమ్మా" అన్నారు. ఆహ్వానపత్రంలో బహుమతుల టైముతో పాటు మ్యాచ్ టైము కూడా పైన వేద్దామన్నాను. ఆట చూడాలనుకున్నవాళ్లు ఆ టైముకే వస్తారు. ఆహ్వానం ప్రింటుకి వెళ్లేది వచ్చే సోమవారం, అప్పటిదాకా అడుగుతూనే ఉంటాను.